పుట్టినతేదీ ఒకటో తరగతిలోనే తేలాలి

ఆగస్టు వచ్చిందంటే నా టేబుల్ మీద ఆధార్ జిరాక్సులు, బోనఫైడ్లు గుట్టపడతాయి. మండల స్థాయి ఎస్జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీలకు ఎంట్రీలు పంపాలి. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను పీఈటీని, అంటే ఆటలు నేర్పే టీచర్‌ని. కబడ్డీ, ఖోఖో ఆడే ఆడపిల్లల వల్లే మా బడి పేరు బయటి మండలాలకు తెలిసింది. వాళ్ల కాగితాలన్నీ ఒక్కచోట పెట్టి చూస్తే, ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1 అని ఉన్నవాళ్లు చాలామంది. బడి రికార్డులో జూన్ నెల ఉన్నవాళ్లు ఇంకా ఎక్కువ. మా పల్లెల్లో పిల్లలు నిజంగా అలా పుట్టలేదు. కాగితం మీద అలా పుట్టించారు.

జనవరి 1 ఎలా వచ్చిందంటే, ఆధార్ దిగిన రోజు తల్లిదండ్రుల దగ్గర ఏ కాగితమూ లేకపోతే సంవత్సరం ఒక్కటే చెప్పేవారు. రోజూ నెలా తెలియనప్పుడు 01-01 అని పడేది. జూన్ సంగతి వేరు. బడి తెరిచేది జూన్‌లో. చెయ్యి పట్టుకుని పిల్లను తీసుకొచ్చిన తండ్రిని సారు అడుగుతాడు, "ఐదేండ్లు నిండినయా?" అని. "నిండినయ్ సార్" అంటాడు. ఆ నెలలోనే ఒక తేదీ చూసి, ఐదేళ్లు వెనక్కి లెక్కేసి అడ్మిషన్ రిజిస్టర్లో రాస్తారు. ఇందులో ఆ సారుది తప్పని నేను అనను. వయసు రుజువు లేదని ఏ పిల్లనూ బడిలో చేర్చుకోకుండా వెనక్కి పంపకూడదని విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ చెబుతుంది. అది మంచి నియమం. అది లేకపోతే మా దగ్గర సగం మంది పిల్లలు బడి గేటు బయటే ఉండేవాళ్లు.

చిక్కంతా తర్వాత మొదలవుతుంది. ఆ రోజు అంచనాగా వేసిన తేదీ టీసీతో పాటు ఆరో తరగతికి మా హైస్కూల్‌కి వస్తుంది. పదో తరగతిలో నామినల్ రోల్స్‌కి, అంటే బోర్డు పరీక్షకు పంపే పేర్ల జాబితాకి ఎక్కుతుంది. అక్కడి నుంచి ఎస్‌ఎస్‌సీ మెమోకి. ఇక ఆ పిల్ల ఉద్యోగానికి పోయినా, పెన్షన్ తీసుకున్నా అదే పుట్టినరోజు.

బడి ఆటల్లో వయసు లెక్క ఇలా ఉంటుంది. అండర్-14, అండర్-17, అండర్-19 అని మూడు వర్గాలు. అండర్-14లో ఆడాలంటే ఆ సంవత్సరం డిసెంబర్ 31 నాటికి 14 ఏళ్లు నిండకూడదు. అంటే ఎంట్రీ ఫారంలో "ఫలానా సంవత్సరం జనవరి 1 గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవారు" అని ఉంటుంది. ఆధార్‌లో జనవరి 1 పడిన పిల్ల సరిగ్గా గీతకు ఇవతలే నిలబడుతుంది. ఆ పిల్ల నిజంగా అంతకుముందు దసరాకే పుట్టి ఉండొచ్చు. లేదా ఆ ఏడాది చివర్లో దీపావళికి పుట్టి ఉండొచ్చు. ఒక ఊహ మీద పడిన తేదీ ఒకరికి ఏడాది ఆట ఇస్తుంది, ఇంకొకరి దగ్గర ఏడాది ఆట లాక్కుంటుంది.

ఇది అమాయకంగా జరిగేది. తెలిసి చేసేది ఇంకొకటి ఉంది. దానికి కారణం కూడా దాచాల్సిన పని లేదు. జాతీయ స్థాయి స్కూల్ గేమ్స్‌లో ఆడితే ఫారం 4 అనే సర్టిఫికెట్ వస్తుంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా 2 శాతం, ఇంజనీరింగ్ సీట్లలో అర శాతం. రోజు కూలీకి పోయే ఇంట్లో ఆ కాగితం విలువ ఎంతో నేను వేరే చెప్పాలా? అందుకే ఎనిమిది, తొమ్మిది తరగతులకు వచ్చేసరికి కొందరికి కొత్త పుట్టినతేదీ సర్టిఫికెట్లు పుట్టుకొస్తాయి. టీసీ మారుతుంది, బడి మారుతుంది, ఏడాదో రెండేళ్లో తగ్గుతాయి. ఆ పని పిల్లలు చేయరు. ఎప్పుడూ పెద్దవాళ్లే చేస్తారు.

ఒక జిల్లా స్థాయి అండర్-14 మ్యాచ్ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. అవతలి జట్టు రైడర్ కూతకు వస్తుంటేనే మా పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎత్తు ఒక్కటే అయితే నేనేమీ అనుకోను. భుజాలు, నడక, కాలు వేసే బరువు చూస్తేనే తెలిసిపోతుంది. మా లెఫ్ట్ కార్నర్‌లో, అంటే కోర్టు ఎడమ చివర నిలబడే పిల్ల ఎనిమిదో తరగతి, గట్టి గుండె ఉన్న పిల్ల. రైడర్ చీలమండ పట్టుకునే యాంకిల్ హోల్డ్‌కి దిగింది. ఆ రైడర్ కాలు విదిలించుకుని గీత వైపు పడితే, ఆ బరువంతా మా పిల్ల భుజం మీద పడింది. కాలర్ బోన్ విరిగింది. నేను కమిటీకి ప్రొటెస్ట్ ఇచ్చాను. కాగితాలు తెప్పించి చూశారు. ఆధార్, బోనఫైడ్, పుట్టినతేదీ సర్టిఫికెట్, అన్నీ పక్కాగా ఉన్నాయి. ప్రొటెస్ట్ కొట్టేశారు. ఆ కాగితాలు చూసి వాళ్లు మాత్రం ఇంకేం చేయగలరు?

సాయంత్రం నీళ్ల దగ్గర ఆ రైడర్ పిల్ల ఒంటరిగా కనిపిస్తే మెల్లగా అడిగాను, "అమ్మా, నీకు ఎన్నేళ్లు?" అని. ఆ పిల్ల తల దించుకుని, "నాకు తెల్వదు మేడం, సారు రాసిండు" అంది. ఆ మాట అబద్ధం కాదని నాకు అనిపించింది. ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. పట్టుబడితే నిషేధం ఆ పిల్లకే. రాసిన పెద్దమనిషి మర్నాడు ఇంకో పిల్లకు ఫారం నింపుతాడు. మా కార్నర్ పిల్ల కోలుకుని మళ్లీ ఆడింది. కార్నర్‌లో మాత్రం నిలబడనంది.

రాహుల్ ద్రవిడ్ 2015 డిసెంబర్‌లో ఢిల్లీలో పటౌడీ స్మారక ఉపన్యాసం ఇచ్చినప్పుడు ఈ విషయమే గట్టిగా మాట్లాడాడు. అమ్మానాన్న, కోచ్ కలిసి దొంగ సర్టిఫికెట్ చేయిస్తుంటే పక్కనే ఉండి చూసే పిల్లాడు రేపు ఏం నేర్చుకుంటాడు అన్నది ఆయన బాధ. క్రికెట్ గురించి అన్నాడు గానీ, మా కబడ్డీ కోర్టు దగ్గర నిలబడి అన్నట్టే ఉంటుంది నాకు.

దీనికి అందరూ చెప్పే మందు ఎముకల పరీక్ష. ఎడమ చెయ్యి, మణికట్టు ఎక్స్‌రే తీసి, ఎముకల చివర్లు ఎంతవరకు ఎదిగి అతుక్కున్నాయో చూసి వయసు అంచనా కడతారు. టీడబ్ల్యూ3 అంటారు. బీసీసీఐ 2012 నుంచి జూనియర్ క్రికెట్లో వాడుతోంది. 2020లో ఒకసారి, "దొంగ తేదీ ఇచ్చినవాళ్లు తామే ఒప్పుకుంటే వదిలేస్తాం, తర్వాత దొరికితే రెండేళ్ల నిషేధం" అని గడువు కూడా పెట్టింది. ఆ గడువు ఆలోచన నాకు నచ్చింది. భయంతో ఒక అబద్ధాన్ని మోస్తున్న పిల్లాడికి బయటికి రావడానికి దారి చూపించింది.

కానీ ఎక్స్‌రే ఎముక వయసు చెబుతుంది, పుట్టినరోజు చెప్పదు. ఆ రెండింటికీ మధ్య ఏడాది అటూ ఇటూ తేడా ఉండడం మామూలే. ఆ పద్ధతి కొలతలు యూరప్, అమెరికా పిల్లల్ని చూసి కట్టినవి. తిండి చాలని పిల్ల ఎముకలు ఆలస్యంగా ఎదుగుతాయి. థైరాయిడ్ తక్కువున్న పిల్లవీ అంతే. పెద్దమనిషి త్వరగా అయిన పిల్లవి ముందే ఎదుగుతాయి. నిజంగానే పదమూడేళ్లున్న ఇద్దరు పిల్లల్లో ఒకరు పాస్, ఒకరు ఫెయిల్ కావచ్చు. పైగా ఎముకలు పూర్తిగా ఎదిగిపోయాక, మగపిల్లలకు పదహారున్నర ప్రాంతంలో, ఆడపిల్లలకు పదిహేను ప్రాంతంలో, ఆ పరీక్ష ఇక ఏమీ చెప్పలేదు. అండర్-19కి అది పనికిరాదు. ఫుట్‌బాల్లో ఫిఫా 2009 అండర్-17 ప్రపంచకప్ నుంచి ఎమ్మారై వాడుతోంది. మండల స్థాయి పోటీకి ఎమ్మారై ఎక్కడ తెస్తాం? పోటీ రోజు మాకు అంబులెన్స్ వస్తేనే గొప్ప.

ఎత్తు చూసి అనుమానించడం ఎంత అన్యాయమో కూడా నేను చూశాను. మా ఖోఖో జట్టులో ఒక పిల్ల ఉండేది. ఏడో తరగతికే నా భుజం దాటింది. ఎక్కడికి పోయినా, "మేడం, ఈ పొల్లకు పద్నాలుగు లోపల ఎట్లుంటయ్?" అని పక్క జట్టు సార్ల గొడవ. ఒకసారి గ్రౌండ్ మధ్యలో, అందరి ముందు ఆ పిల్లను నిలబెట్టి పళ్లు చూపించమన్నారు. సంతలో దూడను చూసినట్టు. నేను అడ్డుపడి ఆపాను. పిల్ల వాళ్లమ్మకు ఫోన్ చేస్తే ఆమె పని వదిలేసి ఆటోలో వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవర్లో మడతలు పడిన టీకాల కార్డు. పీహెచ్‌సీలో కాన్పు తేదీ, పుట్టినప్పటి బరువు, బీసీజీ వేసిన రోజు, అన్నీ ఏఎన్ఎం చేతిరాతలో ఉన్నాయి. ఆధార్‌లో ఉన్న తేదీ కంటే ఆ పిల్ల నిజానికి నాలుగు నెలలు చిన్నది. ఆ రోజు ఆడింది.

అప్పటి నుంచి నాకు ఆ కార్డు మీద గురి కుదిరింది. ఎముక కంటే, ఆధార్ కంటే అది నమ్మదగింది. ఎందుకంటే అది రాసిన రోజున ఆ పిల్ల కబడ్డీ ఆడుతుందని ఎవరికీ తెలియదు. తేదీ మార్చడం వల్ల ఎవరికీ లాభం లేని రోజున రాసిన తేదీ అది. అంగన్‌వాడీ రిజిస్టర్ కూడా అంతే. విద్యాహక్కు నమూనా నియమాల్లో కూడా, పుట్టినతేదీ సర్టిఫికెట్ లేకపోతే ఆస్పత్రి లేదా ఏఎన్ఎం రిజిస్టర్, అంగన్‌వాడీ రికార్డు చూడమనే ఉంది. తల్లిదండ్రుల నోటిమాట కూడా ఒక రుజువే, కానీ అది ఆ వరుసలో చివరిది. మా దగ్గర ముందే నోటిమాట దగ్గరికి పోతున్నాం, అదీ బాధ.

వయసు నియమం గురించి మాట్లాడేటప్పుడు వలస పిల్లల్ని మర్చిపోకూడదు. పాలమూరు వలసలు అందరికీ తెలిసినవే. అమ్మానాన్న ముంబైకో ఇటుక బట్టీలకో పోతే పిల్లలూ పోతారు, తిరిగొచ్చాక మళ్లీ చేరుస్తాం. వయసుకు తగ్గ తరగతిలో చేర్చమని చట్టం అంటుంది గానీ, చదవడం రాని పిల్లను తొమ్మిదిలో కూర్చోబెడితే ఏడుస్తుంది. అందుకని ఏడులోనే ఉంటుంది. పదిహేనేళ్ల ఆ పిల్ల తన క్లాసు జట్టుతో ఆడాలంటే అండర్-14లో పనికిరాదు. అండర్-17లో ఆడొచ్చు, కానీ అక్కడ పదో తరగతి పిల్లలతో పోటీ పడి జట్టులో చోటు దొరకదు. ఈ పిల్లలకే, "ఒక్క ఏడాది తగ్గిద్దాం మేడం, పాపం కదా" అనే మాట ఎక్కువ వినిపిస్తుంది. పాపమే. కానీ ఆ ఏడాది తగ్గిస్తే అవతల నిలబడే పదమూడేళ్ల పిల్ల కూడా ఎవరో ఒకరి బిడ్డే.

మా చెల్లెలు టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటుంది. వాళ్లబ్బాయి హైస్కూల్ టెన్నిస్ ఆడతాడు. అక్కడ బడి ఆటల్ని నడిపేది యూఐఎల్ అనే సంస్థ. వయసు గీత ఒక్కటే: సెప్టెంబర్ 1 నాటికి 19 నిండకూడదు. దాంతో పాటు తొమ్మిదో తరగతిలో చేరినప్పటి నుంచి నాలుగేళ్లే ఆడాలి. ఆట కోసం బడి మారితే కుదరదు. 1984 నుంచి ఇంకో నియమం ఉంది. ఏ సబ్జెక్టులో అయినా 70 రాకపోతే మూడు వారాలు ఆట బంద్. మొదట్లో అది ఆరు వారాలట. మా చెల్లెలు అది చాలా మంచి నియమం అంటుంది. మా దగ్గరైతే నేను ఒప్పుకోను. మా పిల్లల్లో కొందరు బడికి రావడమే ఆట కోసం. లెక్కల్లో తప్పిందని కోర్టు నుంచి పంపేస్తే ఆ పిల్ల మర్నాడు పత్తి చేలో ఉంటుంది.

అక్కడ దొంగ తేదీలు తక్కువ. పుట్టిన రోజే ఆస్పత్రి నుంచి రికార్డు పోతుంది కాబట్టి. అయితే అక్కడి తల్లిదండ్రులు కొందరు పిల్లాణ్ణి కావాలనే ఏడాది ఆలస్యంగా కిండర్‌గార్టెన్‌లో వేస్తారు. క్లాసులో అందరికంటే పెద్దవాడైతే ఆటలో ముందుంటాడని. అది నేరం కాదు. అక్కడ తరగతిని జరుపుతారు, ఇక్కడ తేదీని జరుపుతారు.

అంతా నిజమైన తేదీలే అయినా గీత ఉన్నచోట కొంత అన్యాయం మిగులుతుంది. జనవరిలో పుట్టిన పిల్లా, డిసెంబర్‌లో పుట్టిన పిల్లా ఒకే వర్గం. పదమూడేళ్ల దగ్గర పదకొండు నెలలు చిన్న తేడా కాదు. కెనడా జూనియర్ హాకీలో జనవరి, ఫిబ్రవరి, మార్చి పుట్టినవాళ్లే ఎక్కువమంది ఉన్నారని 1980ల్లో పరిశోధకులు గమనించారు. వాళ్ల గీత కూడా మనలాగే జనవరి 1. పీఈటీల కోర్సు బీపీఈడీలో మేం మెక్‌లాయ్ సూచిక చదువుకున్నాం. వయసును 20తో, అంగుళాల్లో ఎత్తును 6తో గుణించి, పౌండ్లలో బరువు కలిపి, ఆ మొత్తాన్ని బట్టి పిల్లల్ని జట్లుగా విడదీస్తారు. పరీక్షకు బట్టీ పట్టి వదిలేసే పాఠం అది. నేను మాత్రం బడిలో ప్రాక్టీసుకు ఇప్పటికీ దాదాపు ఆ పద్ధతే వాడతాను. బక్కపల్చటి పిల్లల్ని వాళ్లలో వాళ్లనే ఆడిస్తే పట్టు నేర్చుకుంటారు. పెద్దవాళ్ల మధ్య వేస్తే తప్పించుకోవడం ఒక్కటే నేర్చుకుంటారు. జట్టు ఎంపికలో కూడా డిసెంబర్ పిల్ల ఈసారి ఓడిందని పక్కన పెట్టను. ఇంకో ఏడాది ఆగి చూస్తాను.

2023లో జనన మరణాల నమోదు చట్టం మార్చారు. 2023 అక్టోబర్ 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లకు బడిలో చేరాలన్నా, ఇంకేదానికైనా, పుట్టినతేదీకి జనన సర్టిఫికెట్ ఒక్కటే రుజువు. ఆ పిల్లలు మా అండర్-14 జట్టుకు వచ్చేది 2030ల మధ్యలో. అప్పటికి ఈ గొడవ చాలా తగ్గుతుందని నా ఆశ. 2025 మార్చిలో కేంద్ర క్రీడా శాఖ వయసు మోసాలపై కొత్త ముసాయిదా పెట్టి అందరి అభిప్రాయాలు అడిగింది. ఒకసారి నమోదైన వయసు మళ్లీ మారకుండా తాళం వేయడం, మొదటిసారి దొరికితే రెండేళ్ల నిషేధం, రెండోసారి జీవితకాలం, సహకరించిన కోచ్‌ల మీదా చర్య. ఆ చివరిది కాగితం మీద మిగిలిపోకూడదు. తాళం వేయడం మంచిదే, కానీ లోపల తప్పు తేదీ ఉండగా తాళం వేస్తే జూన్‌లో పుట్టించిన పిల్లలంతా లోపలే చిక్కుకుంటారు.

అందుకే నేను కొన్నాళ్లుగా ఆగస్టు దాకా ఆగడం మానేశాను. జూన్‌లోనే మా స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల గుంపు) కిందున్న ప్రాథమిక పాఠశాలలకు పోతున్నాను. ఒకటో తరగతి టీచర్లను అడిగేది ఒక్కటే: తేదీ రాసే ముందు టీకాల కార్డు తెప్పించండి, లేకపోతే అంగన్‌వాడీ టీచర్‌ను అడగండి, ఆ తర్వాతే రిజిస్టర్ తెరవండి. చాలామంది చేస్తున్నారు. అంగన్‌వాడీ ఆమెలు అయితే నాకంటే ముందే పేర్లు, తేదీలు చెప్పేస్తున్నారు.

ప్రొటెస్ట్ కమిటీల్లో కూర్చునే సార్లకు, మేడంలకు నా మనవి. పిల్లను గ్రౌండ్‌లో నిలబెట్టి విచారించకండి. ఒక గదిలో, ఆడపిల్ల అయితే ఆడ టీచర్ పక్కన ఉండగా, మ్యాచ్ మొదలు కాకముందే చూడండి. ఎనిమిదో తరగతి తర్వాత తీసిన సర్టిఫికెట్ కనిపిస్తే, ఒకటో తరగతి అడ్మిషన్ రిజిస్టర్ నకలు అడగండి. రెండింటికీ పొంతన లేకపోతే పిల్లను కాదు, సంతకం పెట్టినవాళ్లను పిలవండి.

ఇది చదివేవాళ్ల ఇంట్లో బడికి పోయే పిల్లలుంటే ఈ వారమే మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి: టీకాల కార్డు, ఆధార్, బడి రికార్డు. జననం నమోదు కాకుండా ఏడాది దాటిపోయి ఉంటే మీసేవలో దరఖాస్తు పెట్టుకోవాలి, ఆర్డీవో ఉత్తర్వు మీద సర్టిఫికెట్ వస్తుంది. రెండు మూడు సార్లు తిరగాల్సి వస్తుంది, కూలీ పోతుంది, నాకు తెలుసు. అయినా తిరగండి. బడి రికార్డులో తప్పుంటే పదో తరగతి నామినల్ రోల్స్ పోకముందే హెచ్ఎం గారిని కలవండి. మెమో చేతికొచ్చాక దిద్దించుకోవడం చాలా కష్టం. టీకాల కార్డు దొరక్కపోతే కాన్పు ఎక్కడైందో ఆ పీహెచ్‌సీ రిజిస్టర్లో వెతికించండి. మా మండలం వాళ్లయితే సాయంత్రం నాలుగున్నర తర్వాత గ్రౌండ్‌కి రండి, దరఖాస్తు నేను రాసిపెడతాను.